సంగీత లిపి సాఫ్ట్‌వేర్‌లలో సంజ్ఞల లైబ్రరీలు

సంజ్ఞల లైబ్రరీ అనగా కంప్యూటరుపై సంగీత లిపిని కూర్చే సాఫ్ట్‌వేర్‌లలో మరల మరల అవసరమయ్యే గుర్తులను, మాటలను, సూచనలను ఒక్కసారి నిర్వచించి, వర్గాలుగా అమర్చి, ఎన్ని స్కోర్లకైనా వాడుకొనేందుకు వీలుగా భద్రపరచుకొనే సంచయం. పాశ్చాత్య సంగీత లిపిలో స్వరాలు, వాటి కాలప్రమాణాలు మాత్రమే గాక, ఎంత బిగ్గరగా వాయించాలి, ఎంత వేగంగా వాయించాలి, కమానుతో వాయించాలా వేలితో మీటాలా వంటి వివరాలు కూడా వ్రాయబడతాయి. వీటన్నిటినీ కలిపి ఈ వ్యాసంలో సంజ్ఞలు అని వ్యవహరించడం జరిగింది. ఫినాలే, సిబేలియస్, డోరికో, మ్యూజ్‌స్కోర్, లిలీపాండ్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఈ లైబ్రరీలను వేర్వేరు పద్ధతులలో నిర్వహిస్తాయి.

ఒక వాద్యబృందపు కృతికి ఒక పూర్తి స్కోర్, దాని నుండి విడదీసిన ఇరవై, ముప్పై విడి ప్రతులు ఉండటం సాధారణం. అన్నిటిలో కలిపి సంజ్ఞలు వేల సంఖ్యలో ఉండవచ్చును. ఒకే సూచన ఒక పుటలో ఒక రూపంలో, మరొక పుటలో మరొక రూపంలో కనిపిస్తే వాద్యకారుడు ఆగి అడుగుతాడు. అతడితోపాటు బృందమంతా ఆగుతుంది. అభ్యాస సమయానికి గంటల లెక్కన వేతనం చెల్లించే చోట్ల ఇది డబ్బుతో కూడిన సమస్య. లైబ్రరీని పొందికగా అమర్చుకోవడం వెనుక ఉన్న అసలు అవసరం ఇదే.

నేపథ్యం

ఈ ఆలోచన కంప్యూటర్లతో పుట్టినది కాదు. 18వ శతాబ్దం నుండి ఐరోపాలో సంగీతాన్ని మెత్తని లోహపు పలకలపై చెక్కి ముద్రించేవారు. స్వరాల తలలు, క్లెఫ్‌లు, తీవ్ర కోమల చిహ్నాలు, అక్షరాలు మొదలైనవాటికి ఉక్కు పోగరలు ఉండేవి. పనివాడు పోగరను పలకపై నిలిపి సుత్తితో కొట్టేవాడు. పలకపై అంతా అద్దంలో ప్రతిబింబం వలె కుడి నుండి ఎడమకు సాగేది. స్వరాలను కలిపే వంపు గీతలను మాత్రం ఉలితో చేతిపనిగా చెక్కేవారు. ఒక ముద్రణాలయం వాడే పోగరల పెట్టెయే ఆ సంస్థ లైబ్రరీ. ఏ సంస్థ ముద్రించిన పుటయో దాని పోగరల ఆకృతిని బట్టి గుర్తుపట్టగలిగిన పాఠకులు ఉండేవారు. 20వ శతాబ్దంలో చేతివ్రాత నకలుదారులు రబ్బరు ముద్రలను, కాగితంపై రుద్ది అంటించే అక్షరాల తాళ్ళను అదే పనికి వాడారు.

తెలుగు పాఠకులకు దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. సుబ్బరామ దీక్షితులు రచించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో ముద్రితమైనది. అందులో కంపితానికి అలల గీత, జారులకు ఏటవాలు గీతలు, ఇలా ప్రతి గమకానికి ఒక చిహ్నాన్ని ముందుగా నిర్ణయించి, ఆ చిహ్నాలనే గ్రంథంలోని కృతులన్నిటిలోనూ వాడారు. చిహ్నం ఒకసారి నిర్వచింపబడింది, ప్రయోగం వందల చోట్ల జరిగింది.

నిర్వచనం, ప్రయోగం

లైబ్రరీని అర్థం చేసుకొనుటకు ఈ రెండింటి భేదం తెలియాలి. నిర్వచనం లైబ్రరీలో ఉంటుంది. ప్రయోగం స్కోర్‌లో ఉంటుంది. "పిజ్జికాటో" అనే సూచనను తీసుకొందాం. వయొలిన్ వాద్యకారుడు కమానుతో గాక తంత్రిని వేలితో మీటాలని దీని అర్థం. కాగితంపై అది ఒక చిన్న మాట మాత్రమే. సాఫ్ట్‌వేర్‌లో దాని నిర్వచనంలో కనీసం నాలుగు విషయాలు ఇమిడి ఉంటాయి.

మొదటిది ఆకృతి, అనగా ఏ ఖతిలో, ఏ పరిమాణంలో, నిలువు అక్షరాలా వాలు అక్షరాలా అనేది. ప్రస్తుత ముద్రణ సంప్రదాయంలో వాదన పద్ధతిని తెలిపే మాటలు నిలువు అక్షరాలలోను, భావాన్ని తెలిపే మాటలు వాలు అక్షరాలలోను, వేగాన్ని తెలిపే మాటలు ముదురు నిలువు అక్షరాలలోను ఉంటాయి. చదివేవాడు మాటను పూర్తిగా చదవకముందే అది ఏ జాతికి చెందినదో అక్షరాల రూపమే చెబుతుంది. రెండవది స్థానం. వాద్యాలకు ధ్వని తీవ్రత గుర్తులు గీతల క్రింద ఉంటాయి. గాత్రానికైతే పైన ఉంటాయి, ఎందుకనగా గాత్రంలో గీతల క్రింది చోటు సాహిత్యానిది. మూడవది పరిధి. వేగ సూచన స్కోర్‌లో పైన కనబడితే చాలును, కాని విడి ప్రతులన్నిటిలోనూ తప్పక కనబడాలి. పిజ్జికాటో ఆ వాద్యానికి మాత్రమే చెందుతుంది. నాలుగవది శ్రవణం, అనగా కంప్యూటరు ఆ స్కోర్‌ను వినిపించేటప్పుడు ఆ సూచనకు స్పందించి మీటిన ధ్వనికి మారవలెనా, "ఆర్కో" అని కనబడినప్పుడు తిరిగి కమాను ధ్వనికి రావలెనా అనేది.

ఈ నాలుగింటిలో చాలామంది ఆకృతిని మాత్రమే గమనిస్తారు. చూపుకు సరిగా ఉన్న మాట విడి ప్రతిలో మాయమైనప్పుడు గాని పరిధి గుర్తుకు రాదు.

శ్రవణం విషయంలో ఒక ఉదాహరణ. మిడి పద్ధతిలో స్వరం యొక్క తీవ్రతను 127 వరకు గల అంకెలతో సూచిస్తారు. ఫినాలేలో అతి మెల్లనైన గుర్తుకు 10తో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టుకు 13 చొప్పున పెంచుతూ, అతి బిగ్గరైన గుర్తుకు 127 వరకు విలువలు నిర్ణయింపబడి ఉన్నవి. ఆ లెక్కన మెజ్జో ఫోర్టే 75, ఫోర్టే 88. మ్యూజ్‌స్కోర్‌లో అవే గుర్తులకు మొదటి నుండి ఉన్న విలువలు 80, 96. కాగితంపై రెండు సాఫ్ట్‌వేర్‌ల గుర్తులు ఒకే తీరున ఉన్నా, వినికిడిలో ఒకటి కావు. లైబ్రరీ అనేది బొమ్మల పెట్టె మాత్రమే కాదు, అర్థాల నిఘంటువు కూడా.

ఫినాలే

ఫినాలే 1988లో వెలువడినది. దీని ప్రధాన రూపకర్త ఫిల్ ఫారండ్. మొదట కోడా సంస్థ, తరువాత మేక్‌మ్యూజిక్ సంస్థ దీనిని విక్రయించాయి. లైబ్రరీ అనే మాట వాడుకరులకు అలవాటైనది ఎక్కువగా ఈ సాఫ్ట్‌వేర్ ద్వారానే.

ఫినాలేలో మాటలు, ధ్వని తీవ్రత గుర్తులు, వేగ సూచనలు, అభ్యాస అక్షరాలు అన్నీ ఎక్స్‌ప్రెషన్ అనే ఒకే పనిముట్టు క్రింద వస్తాయి. యాసలు, చుక్కలు, కమాను దిశలు వంటివి ఆర్టిక్యులేషన్ అనే వేరొక పనిముట్టు క్రింద ఉంటాయి. పాత రూపాలలో ఎక్స్‌ప్రెషన్లన్నీ ఒకే పొడవైన జాబితాగా ఉండేవి. ప్రతి దానికి ఖతి, స్థానం విడివిడిగా నిర్ణయించవలసి వచ్చేది. కొన్ని సంవత్సరాలు వాడిన ఫైలులో ఆ జాబితా ఎంత పొడవుగా పెరిగేదంటే, ఉన్నదానిని వెదకడం కంటే క్రొత్తది చేసుకోవడమే తేలికగా తోచేది. దానితో జాబితా ఇంకా పెరిగేది.

2008లో వచ్చిన ఫినాలే 2009 ఈ చిక్కును వర్గాల ద్వారా తీర్చింది. ధ్వని తీవ్రత గుర్తులు, వేగ సూచనలు, వేగంలోని మార్పులు, భావ సూచనలు, వాదన పద్ధతులు, అభ్యాస గుర్తులు, ఇతరములు అని ఏడు వర్గాలు ఏర్పడినవి. ఖతి, స్థానం, పరిధి వర్గానికి నిర్ణయిస్తే అందులోని సంజ్ఞలన్నిటికీ వర్తిస్తాయి. భావ సూచనలన్నిటినీ అర పాయింటు చిన్నవిగా చేయాలంటే ఒక్కచోట మార్చితే చాలును. వాడుకరి తనకు కావలసిన క్రొత్త వర్గాలను కూడా చేర్చుకోవచ్చును. సంజ్ఞను చేసేటప్పుడు దానిని సరైన వర్గంలో పెట్టడమే ఇక్కడ ముఖ్యం. "మ్యూట్‌తో" అనే సూచనను భావ వర్గంలో పెడితే అది వాలు అక్షరాలలో వచ్చి, తప్పుడు స్థానంలో కూర్చుంటుంది. అప్పుడు వాడుకరి దానిని చేత్తో సవరిస్తాడు. అలా సవరించిన సంజ్ఞ వర్గపు పాలన నుండి తప్పిపోతుంది.

ఫినాలే లైబ్రరీ అనేది ఒక విడి ఫైలు. ఒక స్కోర్ నుండి ఎక్స్‌ప్రెషన్లను గాని, ఆర్టిక్యులేషన్లను గాని, తీగల గుర్తులను గాని, వాడుకరి గీసుకొన్న ప్రత్యేక గీతలను గాని ఎంచుకొని ఆ ఫైలులో భద్రపరచి, వేరొక స్కోర్‌లో తెరవవచ్చును. తెరిచినప్పుడు అవి ఆ స్కోర్‌లో అప్పటికే ఉన్నవాటికి తోడవుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. స్వల్ప భేదం గల రెండు నిర్వచనాలు ప్రక్కప్రక్కన చేరితే, చూపుకు ఒక్కటిగా ఉండే రెండు "పిజ్జికాటో"లు జాబితాలో నిలుస్తాయి. ఒకటి పాత ఖతిది, ఒకటి క్రొత్త ఖతిది. కొంతకాలానికి స్కోర్‌లో రెండూ కలిసిపోతాయి.

రెండవ చిక్కు నిర్వచనాన్ని మార్చడంలో ఉంది. ఫినాలేలో నిర్వచనాన్ని మార్చితే ఆ స్కోర్‌లోని దాని ప్రయోగాలన్నీ మారతాయి. ఇది ఈ సాఫ్ట్‌వేర్ యొక్క గొప్ప సౌలభ్యం. ముందువెనుకలు చూడనివారికి అదే ఆపద. 40వ పుటలో ఒక "క్రమంగా నెమ్మది" సూచనకు "చాలా" అనే మాట చేర్చబోయి నిర్వచనాన్నే సవరిస్తే, మొదటి 39 పుటలలోనూ "చాలా" చేరుతుంది. ఇటువంటి సందర్భంలో మొదట నకలు చేసి ఆ నకలును సవరించుకోవాలి.

సంజ్ఞలను కీబోర్డు మీటలకు కేటాయించుకొనే వీలు ఫినాలేలో ఉన్నది. వీటిని మెటాటూల్స్ అంటారు. ఒక అంకెను గాని అక్షరాన్ని గాని నొక్కి ఉంచి స్వరంపై మౌసును నొక్కితే సంజ్ఞ పడుతుంది. ఈ కేటాయింపులు స్కోర్‌తోపాటు భద్రమవుతాయి కనుక, అన్ని స్కోర్లలోనూ ఒకే మీట ఒకే సంజ్ఞను ఇవ్వాలంటే వాటిని అమర్చిన మూల ఫైలు ఒకటి ఉంచుకొని ప్రతి పనిని దాని నుండే మొదలుపెట్టడం మేలు. ఏళ్ళ తరబడి ఈ పని చేసినవారి చేతివేళ్ళలో నిలిచేది సంజ్ఞల పేర్లు కాదు, ఈ మీటలే.

సిబేలియస్

కవల సోదరులైన బెన్ ఫిన్, జొనాథన్ ఫిన్ రూపొందించిన సిబేలియస్ 1993లో ఏకార్న్ కంప్యూటర్లకు, 1998లో విండోస్‌కు వచ్చినది. 2006లో అవిడ్ సంస్థ దీనిని కొన్నది. ఇందులో ఒక స్కోర్ యొక్క అక్షర శైలులు, చిహ్నాలు, ముద్రణ నియమాలు అన్నిటినీ కలిపి "హౌస్ స్టైల్" అనే ఒక మూటగా బయటకు తీసి, మరొక స్కోర్‌కు తొడగవచ్చును. ప్రచురణ సంస్థలకు ఇది బాగా నచ్చిన పద్ధతి.

మాటలను వ్రాసేటప్పుడు మౌసు కుడి మీట నొక్కితే తరచుగా వాడే మాటల పట్టిక తెరుచుకొంటుంది. ఈ పట్టికలను వాడుకరి మార్చుకోవచ్చును. అర్థం మాత్రం ఆ మాటలో ఉండదు. శ్రవణ నిఘంటువు అనే వేరొక జాబితా ఉండి, స్కోర్‌లో కనబడిన మాటను అందులో వెదికి, దొరికిన దాని ప్రకారం ధ్వనిని మారుస్తుంది. అందువలన వాడుకరి మాటను ఎక్కడి నుండి ఎంచుకొన్నా, తానే టైపు చేసినా, ఫలితం ఒక్కటే. అయితే తెలుగులో "మీటుతో" అని వ్రాస్తే, దానిని నిఘంటువులో చేర్చనంతవరకు సాఫ్ట్‌వేర్‌కు అది ఒట్టి మాటయే.

మ్యూజ్‌స్కోర్

విద్యార్థులకు ఎక్కువగా అందుబాటులో ఉన్నది మ్యూజ్‌స్కోర్. ఇది ఉచితము, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడాను. వెర్నర్ ష్వీర్ 2002లో మ్యూజ్ అనే వేరొక కార్యక్రమం నుండి దీనిని విడదీసి అభివృద్ధి చేశాడు. 1.0 రూపం 2011లో, 4.0 రూపం 2022లో వెలువడినవి.

ఇందులో సంజ్ఞలు ప్యాలెట్లు అనే పెట్టెలలో ఉంటాయి. చిత్రకారుని రంగుల పలక నుండి వచ్చిన పేరు ఇది. స్వరాన్ని ఎంచుకొని ప్యాలెట్‌లోని సంజ్ఞపై నొక్కితే అది స్వరానికి చేరుతుంది. ప్యాలెట్‌లో లేని చిహ్నాలు మాస్టర్ ప్యాలెట్‌లో ఉంటాయి. వాడుకరి స్వంత ప్యాలెట్‌ను సృష్టించి దానికి పేరు పెట్టుకొని, స్కోర్‌లో తాను తీర్చిదిద్దిన సంజ్ఞను కంట్రోల్, షిఫ్ట్ మీటలు రెండూ నొక్కి ఉంచి లాగి అందులో వదలవచ్చును. ప్యాలెట్‌ను ఫైలుగా భద్రపరచి ఇతరులకు పంపవచ్చును. ఏ ప్యాలెట్లు తెరపై కనబడాలో, ఏ పనిముట్లు అందుబాటులో ఉండాలో నిర్ణయించే అమరికను వర్క్‌స్పేస్ అంటారు. పాఠశాలలో ఆరవ తరగతి పిల్లలకు నాలుగు ప్యాలెట్లు గల వర్క్‌స్పేస్ ఒకటి, వాద్యబృందానికి వ్రాసేవారికి మరొకటి ఉంచుకొనుట సాధ్యం.

ఫినాలేకు, దీనికి ఒక మౌలికమైన భేదం ఉన్నది. ప్యాలెట్‌లోని సంజ్ఞను స్కోర్‌లో పెట్టగానే అది ఒక స్వతంత్రమైన నకలు అవుతుంది. తరువాత ప్యాలెట్‌లోని మూలాన్ని మార్చినా స్కోర్‌లో ఉన్నవి మారవు. అన్నిటినీ ఒకేసారి మార్చే పని ఇక్కడ శైలిది. అక్షరాల జాతి, పరిమాణం, స్థానం స్కోర్ శైలిలో నిర్ణయింపబడి, విడి ఫైలుగా భద్రపరచబడతాయి. కనుక మ్యూజ్‌స్కోర్‌లో పూర్తి లైబ్రరీ అంటే ప్యాలెట్ ఫైలు, శైలి ఫైలు రెండూ కలిసి. ఒకటి ఏమి వ్రాయాలో చెబుతుంది, మరొకటి ఎలా కనబడాలో చెబుతుంది.

ఈ సంగతి తెలియక చాలామంది చేసే పని ఏమనగా, ఒక మాటను చేత్తో 14 పాయింట్లకు పెంచి, రంగు మార్చి, అలాగే ప్యాలెట్‌లోకి లాగుతారు. ఆ మాట తన పరిమాణాన్ని తనతోనే మోసుకొని తిరుగుతుంది. రేపు శైలిలో 11 పాయింట్లు అని మార్చితే అది వినదు. ప్యాలెట్‌లో చేర్చే ముందు ఆ మాటను శైలి యొక్క మూల స్థితికి తెచ్చి, పరిమాణాన్ని శైలికే వదలివేయడం మంచిది.

డోరికో, లిలీపాండ్

2012లో సిబేలియస్ యొక్క లండన్ కార్యాలయం మూతపడింది. అక్కడి అభివృద్ధి బృందాన్ని స్టెయిన్‌బర్గ్ సంస్థ చేర్చుకొన్నది. వారు 2016లో విడుదల చేసినది డోరికో. ఇందులో సంజ్ఞను మౌసుతో వెదకడం కంటే, చిన్న పెట్టెను తెరిచి పేరు టైపు చేయడం ప్రధానమైన పద్ధతి. వాదన పద్ధతిని నిర్వచించేటప్పుడు ఏ అక్షరాలు టైపు చేస్తే అది రావలెనో కూడా నిర్ణయించవచ్చును. నిర్వచనాన్ని ఆ స్కోర్‌కు మాత్రమే పరిమితం చేయవచ్చును, లేదా నక్షత్రపు గుర్తును నొక్కి ఇకపై అన్ని స్కోర్లకు అందేలా చేయవచ్చును. 2022లో వచ్చిన నాలుగవ రూపంలో లైబ్రరీ మేనేజర్ చేరినది. రెండు స్కోర్ల నిర్వచనాలను ప్రక్కప్రక్కన పెట్టి, భేదాలు ఉన్న చోట్లను చూపి, కావలసినవాటిని మాత్రమే తెచ్చుకొనే వీలును ఇది కల్పించింది. ఫినాలేలో ఒకే మాట రెండుసార్లు చేరే చిక్కును పైన పేర్కొనడం జరిగింది. దానికి ఇది సరైన విరుగుడు.

లిలీపాండ్ దారి పూర్తిగా వేరు. 1996లో మొదలైన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో సంగీతాన్ని తెరపై గీయరు, అక్షరాలతో వ్రాస్తారు. సంజ్ఞకు ఒక పేరు పెట్టి ఒక సాధారణ ఫైలులో నిర్వచించి, ఆ ఫైలును ప్రతి స్కోర్ ఆరంభంలో ఇన్‌క్లూడ్ అనే ఆదేశంతో పిలుస్తారు. ఆ ఫైలును ఏ అక్షర సంపాదకంలోనైనా తెరిచి చదవవచ్చును. నేర్చుకొనుట కష్టమే అయినా, భద్రత దృష్ట్యా దీనికి సాటి లేదని చెప్పవచ్చును.

ఖతుల సమస్య

సంజ్ఞలలో ఎక్కువ భాగం ప్రత్యేక సంగీత ఖతులలోని అక్షరాలే. 1985లో క్లియో హగ్గిన్స్ అడోబీ సంస్థకు రూపొందించిన సొనాటా ఈ ఖతులకు మార్గదర్శి. ఫినాలేతో వచ్చిన పెట్రూచీ, మేస్ట్రో ఖతులు దాదాపు అదే అమరికను పాటించాయి. ఆ అమరికలో చిన్న ఎఫ్ అక్షరం ఉన్న చోట ఫోర్టే గుర్తు, పెద్ద ఎఫ్ ఉన్న చోట మెజ్జో ఫోర్టే గుర్తు ఉండేవి. ఖతి ఉన్న కంప్యూటరులో అంతా సవ్యంగా కనబడేది. ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే మెజ్జో ఫోర్టే స్థానంలో ఒక పెద్ద ఎఫ్ ప్రత్యక్షమయ్యేది. చూచినవాడు దానిని ఫోర్టే అనుకొంటే తప్పు అతడిది కాదు. లైబ్రరీని మరొకరికి పంపేటప్పుడు ఖతిని కూడా పంపాలనే నియమం ఇందుకే ఏర్పడింది.

2013లో డోరికో బృందం సంగీత ఖతులకు ఒక ప్రామాణిక అమరికను ప్రకటించింది. దాని సంక్షిప్త నామం స్మఫుల్. యూనికోడ్‌లో ఎవరి అవసరానికి వారు వాడుకొనేందుకు వదలిన భాగంలో, 2 వేలకు పైగా చిహ్నాలకు ఇది నిర్ణీత స్థానాలు ఇచ్చింది. దీనితోపాటు బ్రవూరా అనే ఉచిత ఖతి వెలువడినది. మ్యూజ్‌స్కోర్, డోరికో దీనిని ఆది నుండి గాని త్వరలోనే గాని స్వీకరించాయి. ఫినాలేకు 2021లో వచ్చిన 27వ రూపంతో ఈ వెసులుబాటు కలిగింది. స్మఫుల్ ప్రకారం నిర్వచించిన సంజ్ఞ, అదే ప్రమాణాన్ని పాటించే ఏ ఖతికి మార్చినా తన అర్థాన్ని కోల్పోదు.

కర్ణాటక సంగీతానికి అన్వయం

కర్ణాటక కృతులను పాశ్చాత్య లిపిలోకి మార్చేవారికి, వయొలిన్ విద్యార్థులకు రెండు లిపులలోనూ పాఠాలు తయారుచేసేవారికి సిద్ధంగా వచ్చే లైబ్రరీలు చాలవు. కంపితం, స్ఫురితం, జారు వంటి వాటిని వాడుకరియే నిర్వచించుకోవాలి. అలల గీత, ఏటవాలు గీత, చుక్కలు పాశ్చాత్య ఖతులలో వేరే పేర్లతో ఇప్పటికే ఉన్నవి. వాటిని తెచ్చి, గమకం పేరుతో ఒక ప్యాలెట్‌లో ఉంచుకొంటే సరిపోతుంది. శ్రవణం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అలల గీతను పాశ్చాత్య ట్రిల్‌గా భావించి సాఫ్ట్‌వేర్ రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి వినిపిస్తుంది. అది కంపితం కాదు. విద్యార్థి చెవికి తప్పు అలవాటు కాకుండా అటువంటి సంజ్ఞకు శ్రవణాన్ని ఆపివేయడం ఉత్తమం.

గీతల క్రింద తెలుగులో సాహిత్యం, దాని క్రింద స రి గ మ అక్షరాలు పెట్టడం వాడుక. పాత రూపాలలో ఇది సులభం కాదు. ఫినాలేకు యూనికోడ్ అక్షరాలు 2012 రూపంతోనే వచ్చినవి. తారస్థాయికి పైచుక్క, మంద్రస్థాయికి క్రిందిచుక్క యూనికోడ్‌లో ఉన్నా, అన్ని తెలుగు ఖతులలో అవి అక్షరంపై సరిగా కూర్చోవు. చుక్కలతో కూడిన స్వరాక్షరాలను ఒక్కసారి పరీక్షించి, బాగా వచ్చిన ఖతి పేరును శైలిలో స్థిరపరచుకోవాలి.

అమరికలో పాటించదగినవి

అనుభవజ్ఞులైన నకలుదారులు పెద్ద లైబ్రరీ కంటే చిన్న లైబ్రరీని ఇష్టపడతారు. సాధారణ వాద్యబృంద రచనకు ధ్వని తీవ్రత గుర్తులు పదిహేను, వాదన పద్ధతులు ముప్పై వరకు ఉంటే చాలావరకు పని గడుస్తుంది. అరుదుగా వచ్చే మాటను లైబ్రరీలో చేర్చకుండా అక్కడికక్కడ వ్రాయవచ్చును. వాద్యబృందం, గాయక బృందం, బ్యాండు, కర్ణాటక లిప్యంతరీకరణ వంటి వాటికి వేర్వేరు లైబ్రరీలు ఉంచుకొంటే ఒక్కొక్కటి పొట్టిగా ఉంటుంది.

పేర్లు పెట్టడంలో శ్రద్ధ అవసరం. కాగితంపై పడే మాట ఒకటే అయినా, జాబితాలో "పిజ్జికాటో, తీగ వాద్యాలు, పైన" అని వివరంగా ఉంటే ఆరు నెలల తరువాత తెరిచినప్పుడు తడుముకోనక్కరలేదు. ఫైలు పేరులో తేదీ ఉండాలి. "క్రొత్తది", "చివరిది", "అసలు చివరిది" అనే పేర్లు ఎవరికీ మేలు చేయలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి పని చేసే చోట మూల ఫైలును సవరించే అధికారం ఒక్కరికే ఉండాలి. సంజ్ఞల రూపం గురించి సందేహం వచ్చినప్పుడు ఎలేన్ గౌల్డ్ రచించిన బిహైండ్ బార్స్ (2011) అనే గ్రంథాన్ని ప్రమాణంగా తీసుకొనడం వాడుకలో ఉన్నది.

సాఫ్ట్‌వేర్ ఆగిపోయినప్పుడు

2024 ఆగస్టు 26న మేక్‌మ్యూజిక్ సంస్థ ఫినాలే అభివృద్ధిని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. ముప్పై అయిదు సంవత్సరాలకు పైగా నడిచిన సాఫ్ట్‌వేర్ అది. ఒక ఏడాది తరువాత క్రొత్త కంప్యూటర్లలో దానిని నమోదు చేసుకోవడం కుదరదని మొదట తెలిపినా, వాడుకరుల అభ్యంతరాలు రావడంతో ఆ నిబంధనను వెనుకకు తీసుకొన్నది. డోరికోకు మారేవారికి తగ్గింపు ధర ప్రకటించబడింది. కాని దశాబ్దాలపాటు పెంచుకొన్న లైబ్రరీలకు తగ్గింపు ధర సమాధానం కాదు. ఫినాలే లైబ్రరీ ఫైలును మరొక సాఫ్ట్‌వేర్ తన లైబ్రరీగా తెరవలేదు.

సాఫ్ట్‌వేర్‌ల మధ్య స్కోర్లను మార్చుకొనేందుకు మ్యూజిక్ ఎక్స్‌ఎమ్ఎల్ అనే రూపం ఉన్నది. మైకేల్ గుడ్ రూపొందించిన దీని 1.0 రూపం 2004లో వెలువడినది. ఇది స్వరాలను, సాహిత్యాన్ని, సాధారణమైన గుర్తులను చక్కగా చేరవేస్తుంది. ఇది చేరవేసేది ప్రయోగాలనే గాని నిర్వచనాలను కాదు. ఫినాలేలో వాడుకరి చేసుకొన్న వర్గాలు, మీటల కేటాయింపులు, స్థాన నియమాలు దీనిలో ఇమడవు. ప్రత్యేక సంజ్ఞ అవతలి ఒడ్డుకు ఒట్టి మాటగా చేరుతుంది. వాడుకరి తానై గీసుకొన్న చిత్రరూప సంజ్ఞ అసలు చేరకపోవచ్చును.

అందువలన ఫినాలే ఇంకా పనిచేసే కంప్యూటరు ఉన్నవారు మూడు పనులు చేసుకోవడం అవసరం. ప్రతి స్కోర్‌ను మ్యూజిక్ ఎక్స్‌ఎమ్ఎల్ రూపంలోను, పీడీఎఫ్ రూపంలోను భద్రపరచాలి. మొదటిది సవరించుటకు, రెండవది సరిచూచుకొనుటకు. తరువాత, లైబ్రరీలోని సంజ్ఞలన్నిటినీ ఒక ఖాళీ స్కోర్‌లో వరుసగా ఒక్కొక్క స్వరంపై పెట్టి, దానిని కూడా పీడీఎఫ్‌గా చేయాలి. ఒక్క పుటలో లైబ్రరీ అంతా కనబడుతుంది. చివరగా, ప్రతి సంజ్ఞకు ఖతి, పరిమాణం, స్థానం, పరిధి, శ్రవణ విలువ, మీట అనే ఆరు విషయాలను ఒక సాధారణ పట్టికగా వ్రాసి ఉంచుకోవాలి. వంద సంజ్ఞలకు ఇది ఒకటి రెండు రోజుల పని. ఆ పట్టిక చేతిలో ఉంటే డోరికోలో గాని మ్యూజ్‌స్కోర్‌లో గాని లైబ్రరీని తిరిగి నిర్మించుకోవచ్చును. పట్టిక లేనివారు పాత స్కోర్లను ఒక్కొక్కటిగా తెరిచి, ఏ గుర్తుకు ఏ విలువ ఇచ్చారో వెదకి తీయవలసి ఉంటుంది, అదీ ఆ కంప్యూటరు పనిచేసినంతకాలమే.